గడప దాటని పుంజు

మా ఇంటి గడప జానెడు ఎత్తు. పదిహేను రోజుల నాటుకోడి పిల్ల కూడా దాన్ని ఎగిరి దాటుతుంది. మా పుంజు మాత్రం గడప అవతల నిలబడి గొంతు చించుకుని అరిచేది. ఎవరో ఒకరు లేచి వెళ్లి, రెండు చేతులా ఎత్తి ఇవతల పెట్టాలి. పెట్టిన కాసేపటికే మళ్లీ అవతలికి పోతానని అరిచేది. సెలవు రోజుల్లో ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే.

అరవయ్యవ దశకం మొదట్లో మేము తాండూరులో ఉండేవాళ్లం. నేను గ్రామసేవకుణ్ణి. పెద్దేముల్ చుట్టుపక్కల ఊళ్లు నాకు అప్పగించారు. సైకిలు మీద తిరిగి కొత్త విత్తనాల గురించి, ఎరువుల గురించి, పేడగుంత ఎట్లా తవ్వాలో రైతులకు చెప్పడం నా పని. వాళ్లు అన్నీ వినేవారు, తల ఊపేవారు, చాయ్ పోసేవారు. నేను సైకిలెక్కగానే ఎప్పటిలాగే తమకు తోచినట్టు చేసుకునేవారు. ఇంట్లో కూడా నా మాట అంతే చెల్లుతుందని అప్పటికి నాకు తెలియదు.

ఒకరోజు మా పెద్ద సారు నన్ను వికారాబాద్ పిలిపించారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. చిల్లులు పొడిచిన అట్టపెట్టె ఒకటి నా చేతిలో పెట్టారు. లోపల ఆరు తెల్ల కోడిపిల్లలు. మాంసం కోసమే పెంచే సీమజాతి అట. పేరు ఇంగ్లీషులో ఏదో చెప్పారు గాని నాకు నోరు తిరగలేదు.

"వీటి పుంజుల్ని నాటుపెట్టలతో కలిపితే పిల్లలు మంచి బరువు తూగుతాయోయ్. ముందు నీ ఇంట్లో పెంచి రైతులకు చూపించు. కళ్లారా చూస్తే గాని మనవాళ్లు నమ్మరు" అన్నారు సారు.

పెట్టెను ఒళ్లో పెట్టుకుని రైల్లో తాండూరు చేరాను. నాకు దిగులేమీ లేదు. మా ఆవిడ దౌల్తాబాద్ దిక్కు వ్యవసాయం ఇంటి పిల్ల. కోడిని చూసి కరిగిపోయే రకం కాదు. పెళ్లయిన కొత్తలో మా ఇంటికి చుట్టాలొస్తే, నేను కోడి వెంట పెరడంతా పరుగెత్తి ఆయాసపడుతుంటే, తను వచ్చి ఒక్క చేత్తో పట్టుకుని, నిమిషంలో పని ముగించి, చేతులు కడుక్కుని పోయి మసాలా నూరింది. అట్లాంటి మనిషి చేతిలో పెడుతున్నాను కదా అని ధీమాగా ఉన్నాను.

ఆరింటిలో రెండు రైలు గాలికే నీరసించి చచ్చిపోయాయి. ఒకదాన్ని గద్ద, ఒకదాన్ని పిల్లి ఎత్తుకుపోయాయి. మిగిలిన రెండింటినీ, ఒక పెట్టనూ ఒక పుంజునూ, ఆమె పొయ్యి పక్కన గంపలో పెట్టి చేత్తో తినిపించి బతికించింది. అక్కడే కొంప మునిగింది. వాటికి తల్లికోడి లేదు. మనిషిని చూస్తే పారిపోవాలని వాటికి ఎవరూ నేర్పలేదు. నాటుకోడి మనం చెయ్యి చాపితే ఆమడ దూరం పరుగెత్తుతుంది. ఇవి ఎదురొచ్చేవి. ఆమె బియ్యం ఏరుతూ కూచుంటే ఒళ్లోకెక్కి, మెడ వాల్చి, గొంతు కింద గోకమని ముక్కుతో పొడిచేవి. మొదట ఆమె విసుక్కుంది. తర్వాత నవ్వింది. ఆ తర్వాత ఒకరోజు నేను ఇంటికి వచ్చేసరికి పుంజును చంకనెత్తుకుని వీధి గుమ్మంలో నిలబడి ఉంది, పక్కింటి పిల్లను ఎత్తుకున్నట్టు.

నాలుగైదు నెలల్లో ఆ పుంజు రెండు నాటుపుంజులంత అయింది. రొమ్ము ముందుకు పొడుచుకొచ్చింది, కాళ్లేమో పొట్టి. మా ఇంట్లో నేలంతా నున్నటి తాండూరు బండలు. ఆ బండల మీద దాని కాళ్లు చెరో దిక్కుకు జారేవి. కూలబడి, లేవలేక, మళ్లీ అదే అరుపు. దానికోసం ఆమె వంటింటి నుంచి పెరటిదాకా గోనెపట్టాలు పరిచింది. పుంజు వాటి మీద ఊరేగింపు పోయినట్టు పోయేది. నేను వాటికే తట్టుకుని రెండుసార్లు బోర్లాపడ్డాను. రెండోసారి ఆమె పరుగెత్తుకొచ్చి, పట్టా జరిగిందా అని చూసింది.

జొన్నరొట్టె చిదిమి మజ్జిగలో నానబెట్టి దానికి పెట్టేది. వేడి రొట్టె దానికి, పొద్దుటి రొట్టె నాకు. ఇదేం న్యాయమే అంటే, "దానికి పండ్లున్నయా? నీకున్నయి గద" అనేది.

గోడ అవతల ఒక ముసలి ముస్లిం ఆవిడ ఉండేది. మేము ఖాలమ్మా అని పిలిచేవాళ్లం. రోజూ పొద్దున గోడ మీదుగా తల ఎత్తి, "ఏం బిడ్డా, నవాబ్ సాబ్ లేచిండా?" అని అడిగేది. నేను లేచానా లేదా అని ఎవరూ అడగలేదు.

మొదటి ఎండాకాలం పెట్ట చచ్చిపోయింది. అంత ఒళ్లు వేసుకుని ఆ వేడికి తట్టుకోలేకపోయింది. మిట్టమధ్యాహ్నం నోరు తెరుచుకుని రొప్పుతూ రొప్పుతూ ఆమె ఒళ్లోనే మెడ వాల్చేసింది. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు లేచి, పుంజును తీసుకుపోయి బావి గట్టు మీద నిలబెట్టి, చెంబెడు నీళ్లు దాని వీపు మీద పోసింది. మొదటిసారి అది ఒళ్లంతా విదిలించి ఆమె చీర తడిపేసింది. వారం తిరిగేసరికి రెక్కలు విప్పి, కళ్లు మూసుకుని పోయించుకోవడం మొదలుపెట్టింది. ఒకవైపు తడిస్తే రెండోవైపు తనే తిప్పేది. ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి, చలికాలం వచ్చింది, స్నానం మాత్రం ఆగలేదు. చలికాలంలో గోరువెచ్చటి నీళ్లు. ఖాలమ్మ గోడ మీదనుంచి చూసి ముక్కున వేలేసుకుంది. "క్యా మా, ముర్గే కో నహ్లాతే క్యా?" అంది. కోడికి కూడా నీళ్లు పోస్తారా అని. నేను అదే మాట ఎండాకాలం నుంచీ అడుగుతూనే ఉన్నాను.

ఇక ఉద్యోగం సంగతి. పుంజును రైతులకు చూపించాలి కదా. గంపలో పెట్టి, సైకిలు వెనక కట్టుకుని, ఆ బరువుకు చెమటలు కక్కుకుంటూ పెద్దేముల్ దిక్కు ఒక ఊరికి తీసుకుపోయాను. జనం మూగారు. నేను సీమజాతి గొప్పతనం గురించి నేర్చుకున్నదంతా చెప్పి గంప ఎత్తాను. ఎదురుగా ఒక నాటుపుంజు, మా పుంజులో సగం లేదు, మెడ మీద ఈకలు లేపి ఒక్క అడుగు ముందుకు వేసింది. మా వీరుడు వెనక్కి తిరిగి నా రెండు కాళ్ల మధ్య దూరి, తల నా ధోవతిలో దాచుకున్నాడు.

"సారూ, గిది కోడా, కుందేలా?" అన్నాడొక రైతు.

ఆ నవ్వులు ఆ ఊరి పొలిమేర దాకా నా వెంట వచ్చాయి. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పుంజు వీపు నిమురుతూ, "అయ్యో, మస్తు బెదిరినట్టున్నదే" అంది. నేను బెదిరానో లేదో ఆమెకు పట్టలేదు.

రెండో ఏడు పెద్ద సారు తాండూరు వస్తున్నానని కబురు పెట్టారు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనేనట. "ఆ పుంజు రుచి కూడా చూడాలి కదోయ్, రిపోర్టు రాయాలి" అన్నారు. నా ఉద్యోగం అప్పటికి ఖాయం కాలేదు. ఆ కాగితం ఆయన సంతకం కోసం నెలల తరబడి బల్ల మీద ఉంది. ముందు రోజే ఆమెకు విడమరిచి చెప్పాను. బతిమాలాను. గట్టిగానూ చెప్పాను. ఆమె అవుననలేదు, కాదనలేదు. రొట్టెలు చేసుకుంటూ ఉండిపోయింది. ఒప్పుకుందనే అనుకున్నాను.

సారు వచ్చారు. ఆయనకు చూపించాకే కోయిద్దామని పుంజును అట్లాగే ఉంచాను. పుంజు అలవాటు ప్రకారం కొత్త మనిషికి ఎదురుపోయి ఆయన కుర్చీ పక్కన చతికిలబడింది. ఆయన వంగి, దాని రొమ్ము మీద వేళ్లతో నొక్కి చూసి, "ఆహా, ఏం కండోయ్!" అన్నారు. అది గోకుతున్నారనుకుని కళ్లు మూసుకుంది.

అప్పుడు తలుపు చాటునుంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "అది పోచమ్మకు మొక్కిన కోడి సారూ. ముట్టొద్దు."

ఆయన నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. లెంపలు వేసుకున్నారు. నాకేసి తిరిగి, "ముందే చెప్పొద్దటయ్యా?" అని కసిరారు. కందిపప్పు, మామిడికాయ తొక్కు, మజ్జిగతో భోజనం ముగించి, పుంజుకు దూరంగా నడిచి వెళ్లిపోయారు.

జీపు మలుపు తిరిగాక అడిగాను. "ఎప్పుడు మొక్కినవ్?"

"ఇప్పుడే."

ఆ మాట అంటూ కొంచెం నవ్వింది కూడా. మొక్కిన కోడిని ఎవరూ ముట్టరు. అమ్మమని అడగరు. పక్కవాళ్ల గింజల్లో పడినా రాయి వెయ్యరు. కానీ ఒకనాడు దాన్ని అమ్మవారి ముందు కోసి తీరాలి. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. అబద్ధమాడితే ఆడావు, అమ్మవారి పేరు పెట్టి ఆడతావా అని మండిపడ్డాను.

"ఎప్పుడిస్తనో చెప్పలే గద. అమ్మకేం తొందర్లేదు" అంది.

ఆ వానాకాలం నాకు జ్వరం పట్టుకుంది. టైఫాయిడ్ అన్నారు. ఒక వారం, రెండు వారాలు, మూడో వారం. నాకు తెలివి సరిగా లేదు. డాక్టరు వచ్చి వెళ్లడం, ఆమె తడిబట్ట పిండి నుదుటి మీద వెయ్యడం, గడప దగ్గర ఆ అరుపు, ఇంతే గుర్తు. ఆ స్థితిలో కూడా దాన్ని ఎవరైనా ఇవతల పెట్టండిరా బాబూ అనుకున్నట్టు గుర్తు.

ఒక పొద్దున కాస్త తేటపడి కళ్లు తెరిచాను. మంచం కాళ్ల దగ్గర గోనెపట్టా మీద పుంజు కూచుని ఉంది. దాని కాలికి పసుపులో ముంచిన గుడ్డపేలిక కట్టి ఉంది.

"అదేంది?" అన్నాను.

ఆమె నా పక్కన కూచుని ఏడ్చింది. పెళ్లయ్యాక ఆమె అట్లా ఏడవడం నేను చూడలేదు. "అమ్మ పేరు మీద అబద్ధమాడిన. గందుకే నీ మీదికి తెచ్చింది. మా ఊరి పోచమ్మకు ఇప్పుడు నిజంగ మొక్కిన. నువ్వు లేస్తే దీన్ని ఇచ్చేస్త."

నేను లేచాను. లేవడం అయితే లేచాను గాని, నేను కోలుకోవడం ఆ ఇంట్లో అనుకున్నంత పండుగ కాలేదు. గంజి మొత్తం తాగితే ఆమె ముఖం విప్పారేది. ఆ వెంటనే పుంజును చూసేది, ముఖం ముడుచుకుపోయేది. రెండు ముద్దలు అన్నం ఎక్కువ తిన్నా ఏదో తప్పు చేసినట్టుండేది నాకు. గోడ పట్టుకోకుండా పెరటిదాకా నడిచిన రోజు ఆమె అడిగింది, "ఇంక జర నీరసమున్నదా?" ఆ అడగడంలో ఆశ వినిపించింది. ఉందన్నాను. నిజానికి లేదు. ఆ తర్వాత పది పన్నెండు రోజులు నేను లేని నీరసంతో మూలుగుతూ మంచం మీద పడుకున్నాను. ఒక కోడి ఆయుష్షు పొడిగించడానికి పని మానుకుని పడుకున్న గ్రామసేవకుడు ఈ దేశంలో ఇంకొకడుండడు.

చివరికి ఖాలమ్మే అంది, ఈసారి నవ్వకుండా. "మన్నత్ అంటే మన్నతే బిడ్డా. మొక్కు ఎవరికి మొక్కినా సరే. ఆపొద్దు."

మరుసటి ఆదివారం బయల్దేరాం. ఆ పొద్దున కూడా ఆమె పుంజుకు నీళ్లు పోసింది. ఈకలు గుడ్డతో ఒత్తింది. వేడి రొట్టె మజ్జిగలో కలిపి పెట్టింది. దౌల్తాబాద్ దిక్కు బస్సు, అక్కడినుంచి ఆమె అన్న పంపిన ఎడ్లబండి. దారి పొడుగునా పుంజు ఆమె ఒళ్లోనే ఉంది. నాకు కోపం వస్తూ ఉంది, ఎవరి మీదో తెలియలేదు.

వాళ్ల ఊరి పోచమ్మ ఊరవతల వేపచెట్టు కింద మూడు బండల గుడి. అక్కడ అన్నీ చూసేది ఒక కుమ్మరి పెద్దాయన. మా ఆవిడ బోనం దించి, పుంజును అమ్మవారి ముందు నిలబెట్టి పక్కకు జరిగింది. అక్కడి పద్ధతి ఏమిటంటే, కోడి మీద పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అప్పుడే కత్తి తీస్తారు. విదిలించకపోతే అమ్మవారికి ఏదో మనసులో ఉన్నట్టు. ఏ కోడైనా రెండు చుక్కలు పడగానే విదిలిస్తుంది. దాంట్లో ఆలస్యమయ్యేదేమీ ఉండదు.

పెద్దాయన వేపమండతో చల్లాడు. పుంజు కదల్లేదు. చెంబుతోనే కొన్ని పోశాడు. పుంజు రెక్కలు విప్పింది. కళ్లు మూసుకుంది. అందరూ ముందుకు వంగారు. ఆయన చెంబెడూ పోశాడు. పుంజు నెమ్మదిగా తిరిగి రెండోవైపు పెట్టింది.

నాకు నవ్వొచ్చింది. పక్కకు చూస్తే ఆమె ముఖం పాలిపోయి ఉంది. పది మందిలో ఎన్నడూ నా దగ్గరికి కూడా జరగని మనిషి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మ తీసుకుంటలేదు" అంది. "దీన్ని తీసుకోకుంటే, మరి..." అని నన్ను చూసి ఆగిపోయింది. నా నవ్వు ఎటో పోయింది.

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. అనుభవం ఉన్న మనిషి. పుంజును ఎగాదిగా చూసి, మా ఆవిడను అడిగాడు. "బిడ్డా, దీనికి ఇంట్ల నీళ్లు గిట్ల పోసే అలవాటున్నదా? ఉంటే చెప్పు. గిది లెక్కకు రాదు. ఎండకు ఆరినంక సాంబ్రాణి పొగ వేస్త, అప్పుడు ఇదిలిస్తది."

ఆమెకు అప్పుడు వెలిగింది. ఏడాది పైగా రోజూ పోసిన చెంబెడు నీళ్లు ఆమె కళ్ల ముందు కదిలి ఉంటాయి. ఒక్కసారి పుంజును చూసింది. నన్ను చూసింది. నిజం చెప్పడానికి నోరు తెరిచింది. రెండేళ్లు ఒళ్లో పెంచుకున్నదాన్ని నాకోసం తన నోటితోనే చంపించబోతోందని నాకు అర్థమైంది.

"లేదు" అన్నాను నేను. గట్టిగానే అన్నాను. "కోడికి నీళ్లెవరు పోస్తరు తాతా?"

ఆమె చెయ్యి నా చేతి మీద బిగుసుకుపోయింది. పెద్దాయన నన్నొకసారి చూశాడు. తర్వాత చెంబు కింద పెట్టాడు. "అయితే అమ్మకు దీని మీద మనసు లేదు. ఇడిసిపెట్టుండ్రి. ఇంకొకటి తెచ్చియ్యండ్రి."

ఆమె అన్న ఇంటినుంచి ఒక నాటుపుంజును తెచ్చారు. నీళ్లు పడీ పడకముందే అది ఒళ్లంతా విదిలించింది. మొక్కు తీరింది. మా పుంజు ఆ గొడవేమీ పట్టనట్టు ఎండలో రెక్కలు ఆరబెట్టుకుంటూ కూచుంది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండింది. నేను అమ్మవారి ఎదుట అబద్ధమాడి నిలబడితే, దానికి కునుకు పడుతోంది.

తిరుగుదారిలో బస్సు తాండూరు దగ్గర పడ్డాక ఆమె అడిగింది. "లేదని ఎందుకన్నవ్?"

"నోరు జారింది."

"నీకేమన్న అయితే?"

"అయినప్పుడు చూద్దాం. ముందు దాన్ని సరిగ్గ పట్టుకో, నా చొక్కా పొడుస్తున్నది."

నాకు ప్రాణం మీద తీపి లేక కాదు. భయం లేకా కాదు, ఆ సాయంత్రం నుంచి నెలపాటు ఒళ్లు కాస్త వెచ్చబడితే మళ్లీ ఆ జ్వరమేనేమోనని హడలిపోయేవాణ్ణి. కానీ ఆమె నోరు తెరిచిన ఆ క్షణంలో నాకు రావలసిందంతా వచ్చేసిందనిపించింది. అంతకు మించి ఆమె దగ్గర ఏమీ తీసుకోబుద్ధి కాలేదు. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. అంటే పుంజు మీద నాకు ప్రేమ అనుకునేది.

పెద్ద సారు రిపోర్టులో మాంసం రుచి అన్న చోట ఖాళీ వదిలి, నా కాగితం మీద సంతకం పెట్టారు. పుంజు ఇంకో ఏడాది పైనే బతికింది. గోనెపట్టాలు తియ్యలేదు, వేడి రొట్టె నాకు రాలేదు, ఖాలమ్మ నవాబ్ సాబ్‌నే అడిగేది.

ఒక్కటి మారింది. అంతకుముందు పొద్దున లేస్తూనే ఆమె నేరుగా పుంజు గంప దగ్గరికి పోయేది. ఆ ఆదివారం తర్వాత, గంపలో అది ఎంత గొంతు చించుకున్నా, "జర ఆగు" అని దానితో అని, ముందు నా మంచం దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టేది. చల్లగా ఉందని రెండుసార్లు చూసుకున్నాకే పోయి గంప ఎత్తేది. నేను మెలకువగా ఉండి కూడా కళ్లు మూసుకునే పడుకునేవాణ్ణి.